మునిగిన లంకలో ఫోన్‌ని ఎలా పట్టుకుంటారు?

"గన్నవరం నుంచి మాట్లాడుతున్నానండి" అని చెప్పి చూడండి. అవతలోళ్లు ముందు అడిగేది, "ఏ గన్నవరం, ఎయిర్‌పోర్టు గన్నవరమా?" అనే. కాదండీ, పి.గన్నవరం, కోనసీమ అని విడమర్చి చెప్పుకోవాలి. మామూలు రోజుల్లో ఇది నవ్వుకునే ముచ్చట. గోదారి ఎర్రబడి, ఇంటి చుట్టూ నడుం లోతు నీళ్లు నిలబడి, ఫోన్లో మూడు శాతం చార్జింగు మిగిలినప్పుడు 112కి కొట్టి "గన్నవరం దగ్గర పెదపూడిలంకండి" అని చెప్తే మాత్రం నవ్వులాట కాదు. గన్నవరాలు రెండు. పెదపూడి పేరుతో కాకినాడ వైపు ఏకంగా ఒక మండలమే ఉంది. పైగా వరదల్లో మనల్ని ఆదుకోడానికి వచ్చే జాతీయ విపత్తు స్పందన దళం పదో బెటాలియన్ ఉండేది ఎక్కడనుకున్నారు? కృష్ణా జిల్లా గన్నవరం పక్కన కొండపావులూరులో!

మరి పేరు చెప్పకుండానే మన ఫోన్ మన చోటు చెప్పలేదా? సినిమాల్లో పోలీసాయన కంప్యూటర్ ముందు కూర్చుంటాడు, ఎర్రచుక్క టిక్కు టిక్కుమని కదుల్తా ఉంటాది, జీపులు బయల్దేరతాయి. అది నిజమే అయితే మన లంకల్లో ఎవరు ఏ డాబా మీద ఉన్నారో అమలాపురం కలెక్టరేట్లో కూర్చునే చూసేయొచ్చు కదా. చూడలేరు. ఎందుకు చూడలేరో, ఏం చేస్తే చూడగలరో తెలుసుకుంటే వచ్చే వరదకి పనికొస్తాది.

2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసేది 17 లక్షలకే అని గుర్తుపెట్టుకోండి. ఊడిమూడిలంక, బూరుగులంక, గంటి పెదపూడిలంక వాళ్లకి ఏటా తొలి వరదకే నదీపాయ మీద వేసుకున్న తాత్కాలిక గట్టు కొట్టుకుపోద్ది. ఆ తర్వాత పాల కేను నుంచి పురిటి మనిషి దాకా అందరూ పడవ మీదే రేవు దాటాలి. 1986 ఆగస్టులో అయితే 35 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది. అప్పుడు ఇంటి కప్పెక్కినోళ్ల చేతిలో చెయ్యూపడానికి కండువా తప్ప ఏమీ లేదు. ఇప్పుడు ప్రతి చేతిలోనూ ఒక రేడియో ఉంది. ఫోన్ అంటే రేడియోనే కదండీ, మాట్లాడే రేడియో, అరచేతిలో పట్టే రేడియో. దాన్ని వినేవాడు ఉన్నాడా లేడా అన్నదే అసలు సంగతి.

ముందు టవరు సంగతి చూద్దాం. మీ ఫోన్ జేబులో ఊరికే ఉన్నప్పుడు అది ఎక్కువగా వింటా ఉంటాది, మాట్లాడేది తక్కువ. అప్పుడప్పుడూ "నేనున్నాను" అని ఒక పలకరింపు పంపుద్ది. అందుకని ఊరికే ఉన్న ఫోన్ ఫలానా కొన్ని టవర్ల గుంపు పరిధిలో ఉందని మాత్రమే కంపెనీకి తెలుసు. కాల్ వస్తే ఆ గుంపులోని టవర్లన్నీ మీ ఫోన్‌ని కేకేస్తాయి, ఫోన్ పలుకుద్ది, అప్పుడు తెలుస్తాది ఏ టవరు కింద ఉన్నారో. మనం ఎక్కడున్నామో ప్రతి క్షణం ఎవడో చూస్తా ఉంటాడన్న భయం ఎంత తప్పో, ఆపద వస్తే వాళ్లే చూసుకుంటార్లే అన్న ధీమా కూడా అంతే తప్పు.

టవరు తెలిస్తే సరిపోద్దా? టవరుకి మామూలుగా మూడు ముఖాలుంటాయి. ఒక్కో ముఖం వలయంలో మూడో వంతుని చూస్తాది. మీ ఫోన్ ఏ ముఖంతో మాట్లాడిందో తెలిస్తే దిక్కు తెలిసినట్టు. ఇక దూరం. రేడియో తరంగం సెకనుకి మూడు లక్షల కిలోమీటర్లు పోద్ది. టవరు నుంచి ఫోన్‌కి పోయి రావడానికి పట్టిన సమయాన్ని లెక్కగడితే దూరం వచ్చేస్తాది. పాత 2జీలో ఈ లెక్క 550 మీటర్ల మెట్లుగా ఉంటాది, 4జీలో దాదాపు 78 మీటర్ల మెట్లుగా. బాగానే ఉంది కదా అనిపిస్తాది. కానీ దిక్కూ దూరమూ కలిపితే వచ్చేది చుక్క కాదు, కొబ్బరి చిప్ప అంచులాంటి వంపు. టవరు మూడు కిలోమీటర్ల దూరంలో ఉంటే ఆ వంపు పొడవు ఆరు కిలోమీటర్ల పైనే. పట్నంలో సందుకో టవరు, వంపు చిన్నది. లంకల్లో టవర్లు పలచన, వంపు పెద్దది. ఆ వంపులో రెండు లంకలూ ఒక ఏటిపాయా నాలుగు కొబ్బరి తోటలూ పడొచ్చు. నీటి మీద అడ్డం ఉండదు కాబట్టి తరంగం దూరం పోద్ది. మీ ఫోన్ వశిష్ఠకి అవతల పశ్చిమ గోదావరి టవరుని పట్టుకుని కూర్చోవచ్చు కూడా. అప్పుడు మీరు ఇక్కడ మునిగి ఉంటే మీ కాల్ పక్క జిల్లాలో ఉన్నట్టు లెక్క.

రెండోది జీపీఎస్. దీని గురించి మన కుర్రాళ్లలో చాలామందికి ఒక అపోహ ఉంది. శాటిలైట్ మనల్ని చూస్తాది అనుకుంటారు. చూడదు. శాటిలైట్లు పైనుంచి గంట కొడతా ఉంటాయంతే, ఎన్ని గంటలు ఎంత ఆలస్యంగా వినబడ్డాయో లెక్కేసుకుని ఫోనే తన చోటు తెలుసుకుంటాది. ఆకాశం కనబడితే నాలుగైదు మీటర్ల తేడాతో చెప్పేస్తాది. దీనికి సిమ్ అక్కర్లేదు, డేటా అక్కర్లేదు, టవరు అక్కర్లేదు. సిగ్నల్ లేకపోయినా మీ ఫోన్‌కి మీరెక్కడున్నారో తెలుసు. చెప్పడానికి దారే లేదు.

ఆ దారి ఉన్న నాలుగు నిమిషాల్లో చెప్పేయాలి. మ్యాప్ తెరిచి మీరున్న నీలం చుక్క మీద వేలు నొక్కి పట్టుకుంటే రెండు అంకెలొస్తాయి. మన మండలంలో ఒకటి 16తోనూ రెండోది 81తోనూ మొదలవుద్ది. చుక్క తర్వాత నాలుగు అంకెలు చెప్తే పదకొండు మీటర్ల లోపు పడ్డట్టే, అంటే దాదాపు మీ ఇంటి గుమ్మం. ఆ అంకెలు చెప్పినప్పుడు ఏ గన్నవరం అని ఎవరూ అడగరు. కాల్ కలవకపోతే మామూలు ఎస్సెమ్మెస్ పెట్టండి. వాట్సాప్‌కి డేటా కావాలి, ఎస్సెమ్మెస్‌కి చిటికెడు సిగ్నల్ చాలు. ఇప్పుడే, ఎండ కాస్తున్నప్పుడే, మీ ఇంటి అంకెలు, మీ మేనత్త ఇంటి అంకెలు, ఊళ్లో ఎత్తయిన బడి డాబా అంకెలు ఒక కాగితం మీద రాసి గోడకి అంటించుకుంటే ఇంకా మేలు. ముసలమ్మలు కూడా చదివి చెప్పగలరు.

ఇంకో మాట. మీ కంపెనీ సిగ్నల్ లేకపోయినా 112 కాల్ వేరే కంపెనీ టవరు మీదుగా పోద్ది. తెర మీద "ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ" అని కనబడితే చాలామంది సిగ్నల్ పోయిందని ఫోన్ లోపల పెట్టేస్తారు. అది సిగ్నల్ ఉందనే గుర్తు. 2017 నుంచి మన దేశంలో అమ్మే ప్రతి ఫోన్‌కీ పానిక్ బటన్ ఉండాలని, 2018 నుంచి జీపీఎస్ ఉండాలని కేంద్రం నిబంధన పెట్టింది. బటన్ల ఫోన్లో 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకోవడం, స్మార్ట్ ఫోన్లో పవర్ బటన్ గబగబా మూడుసార్లు నొక్కడం అప్పుడు చెప్పిన పద్ధతి. మీ ఫోన్లో అది ఎలా ఉందో సెట్టింగుల్లోకి పోయి ఒకసారి చూసుకోండి. రీల్స్ చూసే టైములో రెండు నిమిషాలు.

విదేశాల్లో ఇంకొంచెం ముందుకి పోయారు. బ్రిటన్‌లోనూ ఎస్తోనియాలోనూ 2016 నుంచి ఆండ్రాయిడ్ ఫోన్‌తో అత్యవసర నంబరుకి కొడితే, ఆ కాల్‌తో పాటే జీపీఎస్ అంకెలు వాటంతటవే కంట్రోల్ రూముకి పోతాయి. మనిషి ఏడుస్తూ ఉన్నా, మాట రాకపోయినా, చోటు మాత్రం చేరిపోద్ది. మన రాష్ట్రంలో ఈ ఏర్పాటు ఏ దశలో ఉందో అడగాల్సిన ప్రశ్న.

ఇంతవరకూ చెప్పినదంతా టవరు బతికుంటేనే. వరదలో ముందు చచ్చేదే అది. కరెంటు పోద్ది, టవరు కింద బ్యాటరీలు కొన్ని గంటలు లాగుతాయి, తర్వాత డీజిల్ జనరేటరు. గట్టు తెగిన లంకకి డీజిల్ ఎవరు మోసుకొస్తారు? పడవలో మనుషుల్నే ముందు ఎక్కించాలి కదా. నేల కింద కేబుల్ ఎక్కడైనా తెగితే జనరేటరు ఉండీ లాభం లేదు. ఒక కంపెనీ టవరు పోతే బతికున్న మరో కంపెనీ టవరుని అందరూ వాడుకునేలా చేసే ఏర్పాటు ఉంది, తుఫాన్లప్పుడు టెలికాం శాఖ దాన్ని తెరుస్తాది. మంచిదే. అన్నీ పోతే?

టవరునే ఆకాశంలోకి తీసుకురావాలి. ఇది కట్టుకథ కాదు. చిన్న పెట్టెలో ఇమిడే మొబైల్ టవరుని హెలికాప్టర్‌కో డ్రోన్‌కో కట్టి ఎగరేస్తారు. స్పెయిన్‌లో ఒక కంపెనీ, బ్రిటన్‌లో ఒక కంపెనీ ఇలాంటివి తయారు చేస్తున్నాయి. నార్వే సహాయక హెలికాప్టర్లలో ఈ పెట్టె ఉంటాది. పని చేసే తీరు తెలిస్తే ముచ్చటేస్తాది. సిగ్నల్ దొరకని ఫోన్ ఊరుకోదు, ఏ టవరైనా ఉందా అని వెతుకుతానే ఉంటాది. పైన పెట్టె "నేనున్నాను రా" అనగానే ఫోన్ పోయి దానికి తన గుర్తు చెప్పుకుంటాది. పెట్టె దూరం కొలుస్తాది. డ్రోన్ ఒకచోట ఉన్నప్పుడు 900 మీటర్లు అని వచ్చిందనుకోండి, ఫోన్ ఆ వలయం మీద ఎక్కడో ఉన్నట్టు. కాస్త జరిగి కొలిస్తే 600, ఇంకో వలయం. ఇంకాస్త పక్కకి పోయి కొలిస్తే మూడో వలయం. మూడూ కలిసే చోట మనిషి. అంటే భూమ్మీద ఒక టవరు పొలం గట్టు మీద కదలకుండా నిలబడి ఇవ్వలేని చుక్కని, ఎగిరే టవరు కదలడం వల్లే ఇస్తాది. కొన్ని పెట్టెలు ఆ ఫోన్‌కి "మీకు దెబ్బలు తగిలాయా, ఎంతమంది ఉన్నారు" అని మెసేజ్ కూడా పంపగలవు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. సిగ్నల్ కోసం వెతకడం వల్లే ఫోన్ దొరుకుద్ది, ఆ వెతకడం వల్లే బ్యాటరీ గబగబా అయిపోద్ది. బ్యాటరీ దాచుకుందామని అందరూ ఫ్లైట్ మోడ్ పెట్టేస్తే పైన డ్రోన్ తిరిగినా ఆ ఇల్లు ఖాళీగానే కనబడుద్ది. అందరూ ఆన్‌లో ఉంచితే ఒకే రాత్రికి అన్నీ చచ్చిపోతాయి. కాబట్టి ఇంటికి ఒక్క ఫోన్ ఆన్‌లో, మిగతావి పూర్తిగా ఆఫ్ చేసి ప్లాస్టిక్ కవర్లో చుట్టి అటక మీద. ఆన్‌లో ఉన్నదానికి డేటా ఆపేసి, వెలుగు తగ్గించి, ఇంట్లో అన్నిటికన్నా ఎత్తయిన చోట పెట్టండి. అది అయిపోయాక రెండోది తీయండి. బటన్ల ఫోన్ ఉంటే దాన్నే ముందు ఆన్‌లో పెట్టండి, నాలుగు రోజులు లాగుద్ది. తాతయ్య ఫోన్‌ని ఎగతాళి చేసినోళ్లంతా ఆ రోజు దాని చుట్టూ చేరతారు.

ఇక రేడియో చేయలేనిది కూడా చెప్పాలి, లేకపోతే లేనిపోని ఆశ పెట్టినట్టవుద్ది. నీళ్లు రేడియోకి శత్రువు. మొబైల్ వాడే తరంగం ఒక్క మీటరు నీళ్లలోంచి బయటికొచ్చేసరికి దాని బలం వేల వంతుల్లో ఒక వంతుకి పడిపోద్ది. ఉప్పు నీరైతే ఇంకా ఘోరం. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు మునిగింది. అందరి జేబుల్లోనూ ఫోన్లున్నాయి. నీటి అడుగుకి పోయాక ఆ ఫోన్లలో ఒక్కటి కూడా ఏ టవరుకీ పలకదు, ఎంత గొప్ప పెట్టె తెచ్చినా. అక్కడ బతికినోళ్లని కాపాడింది ఒడ్డునున్న గిరిజనుల పడవలు. బోటుని వెతకడానికి వాడింది సోనార్, అంటే శబ్దం, ఎందుకంటే నీళ్లలో శబ్దమే ప్రయాణం చేయగలదు. చివరికి అక్టోబరు 22న దాన్ని పైకి లాగింది కాకినాడ ధర్మాడి సత్యం గారి బృందం, లంగర్లతో, తాళ్లతో, అనుభవంతో. పడవెక్కేటప్పుడు లైఫ్ జాకెట్ బదులు ఫోన్ ఏ పనీ చేయదు.

మట్టి, బురద కూడా దాదాపు అంతే. 2025 ఫిబ్రవరి 22న తెలంగాణలో దోమలపెంట దగ్గర ఎస్సెల్బీసీ సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. నేల లోపలికి చూసే రాడార్ని హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు తెచ్చారు. అదీ రేడియోనే. తడి బురద, ఇనుము కలిసిపోయిన చోట రాడార్ చూపిన గుర్తుల్ని తవ్వితే ఇనప ముక్కలొచ్చాయి. చివరికి చోటు పట్టించింది కేరళ నుంచి వచ్చిన కుక్కల ముక్కు. అదే పొడి రాళ్ల గుట్టలో రాడార్ నిలబడింది. 2015 నేపాల్ భూకంపంలో నాసా తయారుచేసిన చిన్న రాడార్ గుండె కొట్టుకునే కదలికని పసిగట్టి, శిథిలాల కింద నలుగురి జాడ చెప్పింది. 2021 ఫిబ్రవరిలో ఉత్తరాఖండ్ తపోవన్ వరదలో సొరంగంలో చిక్కుకున్న పన్నెండు మంది బయటపడింది కూడా ఫోన్ వల్లే. లోపల ఒకడి ఫోన్‌కి కాస్త సిగ్నల్ తగిలింది, పైవాళ్లకి కాల్ చేశాడు. ఒక్క గీత సిగ్నల్, పన్నెండు ప్రాణాలు.

మరి మన లంక సంగతి? మన వరదలో మనుషులు ఎక్కువగా ఉండేది నీటి పైన. డాబాల మీద, ఏటిగట్టు మీద, బడి వరండాల్లో, కొబ్బరి తోటలో మెరక మీద. బురద కింద కాదు. ఎగిరే టవరుకి ఇంతకన్నా అనువైన చోటు ఉండదు. కొండల్లేవు, నేల పళ్లెంలా ఉంటాది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు డ్రోన్లతో అన్నం పొట్లాలు, మందులు పంపారు. డ్రోన్లు మన ప్రభుత్వానికి కొత్త కాదన్నమాట. అన్నం మోసిన డ్రోన్ చెవిని కూడా మోయగలదు. నా మటుకు నేను చెప్తున్నా, ఇంకో వంద ఫ్లెక్సీల మీద పెట్టే ఖర్చు కన్నా గోదారి జిల్లాలకి అలాంటి పెట్టె ఒకటి కొనడం మేలు.

కానీ దీనికో చీకటి వైపు ఉంది. లంకలో మనిషిని వెతికే ఈ పెట్టే, ధర్నాలో ఎవరెవరు ఉన్నారో లెక్కపెట్టడానికి కూడా పనికొస్తాది. పరికరం ఒకటే, బుద్ధి వేరు. 2023 టెలికాం చట్టం విపత్తు వేళ ప్రభుత్వానికి నెట్‌వర్కుల మీద పెద్ద అధికారాలే ఇచ్చింది. ఆ అధికారానికి గట్టు కూడా వేయాలి. కలెక్టర్ రాతపూర్వకంగా ఉత్తర్వు ఇస్తేనే ఎగరాలి, సహాయక దళం చేతుల్లోనే ఉండాలి, పట్టుకున్న ఫోన్ నంబర్లు వరద తగ్గాక చెరిపేయాలి, ఎన్నిసార్లు ఎగరేశారో బయట పెట్టాలి. ఇవి లేకుండా పెట్టె వస్తే రేపు వరదలో జనమే భయపడి ఫోన్లు ఆపేస్తారు. అప్పుడు ఎవరికి ఉపయోగం?

సముద్రం మీదకి పోయేవాళ్ల సంగతి వేరు. 1996 నవంబరు 6 తుఫాను కోనసీమని ఊడ్చేసినప్పుడు వేటకి పోయి తిరిగిరాని మత్స్యకారుల లెక్క ఇప్పటికీ ఆ ఊళ్లలో చెప్పుకుంటారు. తీరం దాటి కాస్త దూరం పోతే ఏ మొబైల్ టవరూ అందదు. అక్కడ పనికొచ్చేది ఇస్రో చేసిన డాట్ పరికరం. బటన్ నొక్కితే ఉపగ్రహం మీదుగా పడవ చోటు కోస్ట్ గార్డుకి చేరుద్ది. కొత్త రకంలో "మీ కేక విన్నాం" అని తిరిగి జవాబు కూడా వస్తాది. నడిసముద్రంలో ఆ జవాబు ఎంత ధైర్యమో ఓడలరేవు, అంతర్వేది వాళ్లని అడగండి.

టవర్లు, డ్రోన్లు అన్నీ ఎవరో తెచ్చేదాకా కూర్చోనక్కర్లేదు కూడా. హ్యామ్ రేడియో అని ఒకటుంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన రోజు భారతీ ప్రసాద్ అనే హ్యామ్ ఆపరేటర్ పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్నారు. ఫోన్లన్నీ మూగబోతే అండమాన్ కబురు బయటికి చేరవేసింది ఆవిడ రేడియో. హ్యామ్ లైసెన్సుకి పన్నెండేళ్లు నిండితే చాలు, పరీక్ష రాయాలి. హైదరాబాద్‌లో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఉంది. హ్యామ్‌లు ఆడే ఆట ఒకటుంది, దాచిపెట్టిన ట్రాన్స్‌మిటర్ని చేతి ఏంటెనా తిప్పుకుంటా వెతికి పట్టుకోవడం. మన పాత టీవీ ఏంటెనా తిప్పినట్టే. ఏ దిక్కున గట్టిగా వినబడితే ఆ దిక్కుకి గీత, ఇంకోచోట నిలబడి ఇంకో గీత, రెండూ కలిసేచోట పెట్టె. మండలానికి పదిమంది కుర్రాళ్లు ఇది నేర్చుకుంటే టవర్లన్నీ పడిపోయిన రాత్రి కూడా ఊడిమూడిలంక నుంచి గన్నవరం దాకా మాట పోద్ది.

సోమవారం సోమవారం కలెక్టరేట్లో అర్జీలు తీసుకుంటారు కదా. రోడ్డు, పింఛను అర్జీలతో పాటు ఈసారి ఒక కాగితం ఇవ్వండి. లంకల్లో ఉన్న టవర్లకి కరెంటు పోయాక ఎన్ని గంటల బ్యాకప్ ఉంది? వరదలో వాటికి డీజిల్ చేర్చే పడవ ఏది, బాధ్యుడెవరు? 112కి కాల్ చేస్తే జీపీఎస్ అంకెలు కంట్రోల్ రూముకి వాటంతటవే చేరుతున్నాయా? ఎగిరే టవరు రాష్ట్రంలో ఎవరి దగ్గరైనా ఉందా, పి.గన్నవరం చేరడానికి ఎన్ని గంటలు? జులైలో గట్టు తెగకముందే జవాబు కావాలని కింద రాయండి, రసీదు మర్చిపోకండి.